రాతిగులాబీ: మేక గడ్డం నుంచి పెరటి వాలు దాకా

మొక్కల చరిత్ర చెప్పుకునే మన వరుసలో ఈసారి ఒక తెల్లపూల పొద గురించి మాట్లాడుకుందాం. ఇంగ్లీషులో దీన్ని రాక్ రోజ్ అంటారు, శాస్త్రం పేరు సిస్టస్. మన భాషలో దీనికి పేరు లేదు. పుట్టింది ఇక్కడ కాదు కాబట్టి ఉండాల్సిన అవసరమూ రాలేదు. మాట్లాడుకోవడానికి వీలుగా ఇవాళ్టికి రాతిగులాబీ అని పిలుచుకుందాం.

కాలిఫోర్నియాలో గానీ, మెల్‌బోర్న్‌లో గానీ, ఇంగ్లండ్‌లో గానీ ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు నర్సరీకి వెళ్తే ఈ మొక్క కనిపిస్తుంది. కుండీకి కట్టిన చీటీ మీద దాదాపు ఎప్పుడూ ఒకటే రాత: ఎండ బాగా కావాలి, నీళ్లు తక్కువ, ఏడాదంతా పచ్చగా ఉంటుంది, నేలను కప్పేస్తుంది, పని తక్కువ. ఈ "పని తక్కువ" అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. ఎందుకంటే ఈ మొక్క గురించి మనిషి రాసిపెట్టిన చరిత్ర దాదాపు 2,400 ఏళ్లది. అందులో ఎక్కువ భాగం కష్టపడి పనిచేసిన వాళ్ల కథే. కొంత భాగం మొక్కను ఎంత సాకినా చచ్చిపోయిన కథ. "పని తక్కువ" అన్న పేరు దీనికి చాలా ఆలస్యంగా వచ్చింది. ఎలా వచ్చిందో తెలిస్తే, మన పెరట్లో ఇది బతుకుతుందో లేదో కూడా తెలిసిపోతుంది.

ముందు మొక్కను చూద్దాం. పేరులో గులాబీ ఉంది గానీ గులాబీతో చుట్టరికం లేదు. పువ్వుకి ఐదు రేకులు. ఉండచుట్టి మళ్లీ విప్పిన పల్చటి కాగితంలా ముడతలు పడి ఉంటాయి. మధ్యలో పసుప్పచ్చ కేసరాలు. పొద్దున విచ్చుకుంటుంది, మధ్యాహ్నం దాటేసరికి రేకులు రాలిపోతాయి. ఒక పువ్వు ఆయుష్షు ఒక్క పూట. కానీ పొద నిండా మొగ్గలుంటాయి కాబట్టి, మర్నాడు పొద్దున మళ్లీ తెల్లటి దుప్పటి పరిచినట్టే ఉంటుంది. వసంతం చివర మొదలై కొన్ని వారాలు ఇలా సాగుతుంది.

ఈ ప్రజాతిలో సుమారు ఇరవై జాతులు ఉన్నాయి. ఎక్కువవాటి ఇల్లు మధ్యధరా సముద్రం చుట్టుపక్కలే: స్పెయిన్, పోర్చుగల్, దక్షిణ ఫ్రాన్స్, గ్రీసు, టర్కీ, మొరాకో. ఆ చోటి వాతావరణం మనకు సరిగ్గా తిరగేసినట్టు ఉంటుంది. మనకు జూన్ వస్తే వాన మొదలవుతుంది, వాళ్లకు జూన్ వస్తే వాన ఆగిపోతుంది. చలికాలంలో తడి, ఎండాకాలమంతా పొడి. నాలుగైదు నెలలు చినుకు పడకపోయినా ఆకు రాల్చకుండా నిలబడాలి. అందుకే ఆకుల మీద నూగు ఉంటుంది. కొన్ని జాతుల్లో ఆ నూగు మధ్యనుంచి ఒక జిగురు ఊరుతుంది. ఎండ ముదిరేకొద్దీ జిగురు పెరుగుతుంది. చెయ్యి పెడితే అంటుకుంటుంది, మంచి వాసన కూడా వేస్తుంది.

ఈ జిగురుతోనే చరిత్ర మొదలైంది.

క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ అరేబియా సుగంధాల గురించి రాస్తూ లాడనమ్ అనే దాని దగ్గర ఆశ్చర్యపోతాడు. ఇంత మంచి వాసన వేసే పదార్థం, అంత కంపుకొట్టే చోట దొరుకుతుందా అని. ఆ చోటు ఏదంటే మేకపోతు గడ్డం! పొదల్లో మేసిన మేకల గడ్డాలకి జిగురు అంటుకుంటుంది, కాపరులు దాన్ని దువ్వి తీస్తారు. వినడానికి కట్టుకథలా ఉంటుంది గానీ తరవాత వచ్చినవాళ్లు కూడా ఇదే చెప్పారు. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు డయాస్కొరిడీస్ మేకల సంగతి రాసి, ఇంకో పద్ధతి కూడా చెప్పాడు: పొదల మీదుగా తాళ్లు ఈడ్చి, వాటికి అంటిన జిగురును గీకి ముద్ద చేస్తారని. జుట్టు ఊడకుండా ఈ ముద్దను మందుగా వాడతారని కూడా రాశాడు.

ఇక్కడ మనకో చిన్న లంకె ఉంది. గ్రీకు వైద్యం అరబ్బీలోకి వెళ్లింది, అక్కడినుంచి పారసీకంలోకి, ఉర్దూలోకి వచ్చింది. యునానీ అన్న మాటకే అర్థం గ్రీకు అని. ఇబ్న్ సీనా వైద్య గ్రంథంలో లాదన్ పేరుతో ఈ జిగురు ఉంది, జుట్టు రాలడానికి మందుగానే ఉంది. నిజాముల కాలంలో హైదరాబాదులో బాగా వేళ్లూనుకున్న యునానీ వైద్యంలో లాదన్ అంటే ఇదే. చూడండి, మొక్క మన నేలమీదికి రాలేదు, దాని జిగురు పేరు మాత్రం పుస్తకాల వెంట దక్కను దాకా నడిచొచ్చింది.

సరే, మళ్లీ మధ్యధరాకి పోదాం. 1700వ సంవత్సరం. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ తన వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ పిట్టాన్ ద టూర్న్‌ఫోర్‌ని తూర్పు దేశాలకు పంపించాడు. వెంట ఒక చిత్రకారుడు, ఒక వైద్యుడు. మొదట దిగింది క్రీట్ దీవిలో. అప్పటికి అది ఒట్టోమన్‌ల పాలనలో ఉంది. అక్కడ టూర్న్‌ఫోర్ లాడనమ్ తీసేవాళ్లను కళ్లారా చూశాడు. ఆయన ప్రయాణ గ్రంథం ఆయన పోయాక 1717లో అచ్చయింది, అందులో ఈ దృశ్యం ఉంది.

పొడుగాటి కర్రకు తోలు పట్టీలు వరసగా కట్టిన పనిముట్టు, చూడ్డానికి కొరడాల గుత్తిలా ఉంటుంది. దాంతో పొదల మీద అటూ ఇటూ రాస్తూ పోతారు. ఎప్పుడు? పొద్దున చల్లటి పూట కాదు. గాలి ఆడని మిట్టమధ్యాహ్నం, ఎండ నెత్తిన మండుతున్నప్పుడు. ఎందుకంటే జిగురు ఊరేది అప్పుడే. పల్లెటూరి మనుషులు చొక్కా, లాగు మాత్రం వేసుకుని ఆ వేడిలో పనిచేస్తుంటారు. పట్టీలకు జిగురు బాగా పట్టాక కత్తితో గీకి ముద్ద చేస్తారు. బరువు కోసం అందులో నల్లటి సన్న ఇసుక కలిపేవాళ్లట, అది కూడా టూర్న్‌ఫోర్ రాశాడు. కల్తీ అన్నది ఏ కాలానికీ కొత్త కాదు మరి!

ఒక చిన్న సవరణ చెప్పాలి. క్రీట్‌లో జిగురిచ్చే జాతి పువ్వు గులాబీ రంగు. తెల్లపువ్వుతో జిగురిచ్చేది స్పెయిన్, పోర్చుగల్‌ల పొద. స్పెయిన్‌లో దాన్ని హారా అంటారు. అరచేతి వెడల్పు తెల్లటి పువ్వు, చాలావాటికి ఒక్కో రేకు మొదట్లో ముదురు ఎరుపు మచ్చ. ఆ ఐదు మచ్చలు ఏసు క్రీస్తు ఐదు గాయాలని అక్కడి జనం చెప్పుకుంటారు. అక్కడ తోలు పట్టీల పని లేదు. కొమ్మలు కోసి, మోపులు కట్టి, సోడా కలిపిన నీళ్లలో ఉడకబెట్టి, తరవాత ఆమ్లం పోసి జిగురును విడగొడతారు. ఇది కూడా ఎండాకాలపు పనే, పైగా మంట పక్కన పని. జిగురు తీయని ఊళ్లలో హారా కట్టెలు రొట్టెల పొయ్యిల్లోకి పోయేవి. జిగురు ఉండటం వల్ల భగ్గున మండుతుంది.

1917లో పారిస్‌లో ఫ్రాన్స్వా కోటీ షీప్ర్ అనే అత్తరు తెచ్చాడు. షీప్ర్ అంటే ఫ్రెంచిలో సైప్రస్ దీవి. లాబ్డనమ్ అందులో ముఖ్యమైన దినుసు. ఆ పేరు మీద అత్తరుల్లో ఒక వర్గమే ఏర్పడింది. ఇప్పటికీ అత్తరు తయారీకి లాబ్డనమ్ ఎక్కువగా స్పెయిన్ నుంచే పోతుంది. క్రీట్‌లో సీసెస్ అనే ఊళ్లో మాత్రం పట్టీల కర్రతో తీసే పద్ధతి ఇంకా బతికి ఉంది.

ఇంతవరకూ చెప్పిన కథలో ఒక విషయం గమనించారా? ఒక్కరు కూడా ఈ మొక్కను నాటలేదు. కొండ మీద అదే మొలిచింది, అదే పెరిగింది. కష్టం మనిషిది, మొక్కకు మాత్రం ఎవరి సాకుడూ అక్కర్లేదు. ఇప్పుడు కథ తిరగబడుతుంది. మనిషి దాన్ని తవ్వి ఉత్తరాదికి తీసుకెళ్లాడు. అప్పుడు మొక్కకే సాకుడు కావాల్సి వచ్చింది.

1564-65లో కరోలస్ క్లూసియస్ అనే వృక్షశాస్త్రవేత్త స్పెయిన్, పోర్చుగల్ తిరిగాడు. 1576లో ఆంట్‌వెర్ప్‌లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఎన్నో రకాల సిస్టస్‌లకు వర్ణనలు, బొమ్మలు ఉన్నాయి. ఆ తరవాత ఉత్తర యూరప్ తోటలవాళ్లకు వీటిమీద మనసు పడింది. కానీ అక్కడ ఎండ తక్కువ, ఎండాకాలంలోనూ వాన, చలికాలంలో మంచు, తడి నేల. కొండరాళ్ల మధ్య పదేళ్లు నిలిచే పొద అక్కడ ఒక్క గట్టి చలికాలానికి నల్లబడిపోయేది. కుండీల్లో పెంచి చలికాలం లోపల పెట్టుకోవడం, కొమ్మలు నాటి ముందుజాగ్రత్తగా అంట్లు దాచుకోవడం, ఇదంతా సామాన్యుడి వల్ల అయ్యే పని కాదు.

ఆ కాలపు పరాకాష్ఠ రాబర్ట్ స్వీట్. లండన్ నర్సరీల్లో పనిచేసిన తోటమాలి, మంచి వృక్షశాస్త్రవేత్త కూడా. 1824లో ఆయన మీద ఓల్డ్ బెయిలీ కోర్టులో కేసు నడిచింది. క్యూ తోటల నుంచి దొంగిలించిన మొక్కల పెట్టెను తీసుకున్నాడని నేరారోపణ. నిర్దోషి అని తీర్పొచ్చింది. మొక్కల కోసం మనిషి కోర్టు బోనెక్కే రోజులవి! ఆ మరుసటి ఏడాది నుంచి 1830 దాకా ఆయన సిస్టస్ కుటుంబం మీదే ఒక పెద్ద గ్రంథం విడతలుగా తెచ్చాడు. 112 రంగు చిత్రాలు. ఒక్కో మొక్కకీ ఏ మట్టి, ఏ రక్షణ అన్నది రాశాడు. అంటే, స్పెయిన్‌లో పొయ్యిలోకి పోయే కట్టె లండన్‌లో అపురూపమైన వస్తువు. మొక్క అదే, చోటు మారింది.

మరి పని తగ్గింది ఎప్పుడు? చోటుకు తగిన మొక్కను వెతకడం మొదలుపెట్టినప్పుడు.

దక్షిణ ఫ్రాన్స్‌లో నార్బోన్ దగ్గర కోర్బియేర్ కొండలున్నాయి. నార్బోన్‌లో పుట్టిన పూర్రే అనే మతాచార్యుడు ఆ ప్రాంతపు మొక్కల మీద పరిశోధన చేశాడు. 1788లో ఆయన ఒక తెల్లపూల సిస్టస్‌ని వర్ణించాడు. రెండు తెల్లపూల జాతులు కొండ మీద వాటంతటవే కలిసి పుట్టిన సంకరం అది. తోటలవాళ్లు చాలాకాలం దాన్ని కోర్బియేర్ పేరుతోనే పిలిచారు, ఇప్పుడు హైబ్రిడస్ అంటున్నారు. మొగ్గ ఎర్రగా ఉంటుంది, విచ్చితే తెల్లటి పువ్వు, అడుగున పసుపు. మీటరు ఎత్తుకు మించకుండా, అంతకంటే వెడల్పుగా గుబురుకట్టి నేలను మూసేస్తుంది. చలిని తట్టుకోవడంలో సిస్టస్‌లన్నిటిలో ముందువరసలో ఉన్నది ఇదే. ఎవరూ పనిగట్టుకుని పుట్టించలేదు, కొండ ఇచ్చింది.

20వ శతాబ్దంలో ఈ వెతుకులాట శాస్త్రంగా మారింది. 1930లో ఇంగ్లండ్‌లో సర్ ఆస్కార్ వార్‌బర్గ్, ఆయన కొడుకు ఎడ్మండ్ కలిసి సిస్టస్‌ల మీద ఒక అధ్యయనం అచ్చువేశారు. తండ్రి లండన్ కౌంటీ కౌన్సిల్‌కు అధ్యక్షుడిగా చేసినవాడు, తోట ఆయన సరదా. కొడుకు తరవాత పేరున్న వృక్షశాస్త్రవేత్త అయ్యాడు. 1939లో కెనడా శాస్త్రవేత్త పియర్ డాన్సెరో జెనీవాలో డాక్టరేట్ చేసింది కూడా ఈ మొక్కల మీదే. ఇవాళ నేలను కప్పడానికి బాగా వాడే డెకంబెన్స్ రకం ఉంది చూశారా, తెల్లటి పువ్వు మీద ఎర్రటి మచ్చలు, రెండడుగుల ఎత్తు, అంతకు రెట్టింపు వ్యాప్తి, ఆ సంకరానికి డాన్సెరో పేరే పెట్టారు.

ఇంకొకాయన కాలింగ్‌వుడ్ ఇంగ్రమ్. జపాన్‌లో కనుమరుగైన ఒక తెల్లటి చెర్రీ రకాన్ని ఇంగ్లండ్ నుంచి తిరిగి జపాన్‌కి పంపినవాడిగా చాలామందికి తెలుసు. పోర్చుగల్ నైరుతి కొసన సెయింట్ విన్సెంట్ అనే భూశిరం ఉంది. సముద్రపు గాలి ఆగకుండా కొట్టే చోటు. 1939లో అక్కడ ఆయనకు ఒక సిస్టస్ దొరికింది. మచ్చలేని తెల్లటి పువ్వు, వార్నిషు పూసినట్టు మెరిసే ఆకు, పొట్టిగా నేలకు అణిగి ఉండే పొద. పల్హిన్యా అనే పోర్చుగీసు వృక్షశాస్త్రవేత్త పేరు పెట్టాడు. తన తోటలో దాన్ని హారాతో కలిపి మరికొన్ని తెల్లపూల రకాలు తెచ్చాడు. ఆ పొద అంత పొట్టిగా ఎందుకుంది? గాలికి లేచి నిలబడితే విరిగిపోతుంది కాబట్టి. ఆ కొస మీద బతకడానికి నేర్చుకున్న అణకువే తోటలో నేలను కప్పే గుణమైంది.

ఇప్పుడు నిప్పు సంగతి. మధ్యధరా కొండలు ఎండాకాలంలో తగలబడుతుంటాయి. సిస్టస్ గింజకు గట్టి పొట్టు ఉంటుంది, మంట వేడికి అది పగులుతుంది. తల్లి పొద కాలిపోతుంది, వానలు పడ్డాక బూడిదలోంచి గింజలు గుంపుగా మొలుస్తాయి. అంటే ఈ మొక్క తన భవిష్యత్తును వేళ్లలో దాచుకోలేదు, గింజల్లో దాచుకుంది. ఎక్కువ జాతులు మోడునుంచి మళ్లీ చిగురించవు. ఆయుష్షు కూడా పది పదిహేనేళ్లే. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, తోటపనికి కాసేపట్లో పనికొస్తుంది.

కాలిఫోర్నియా కథకి వద్దాం. అక్కడి తీరం కూడా మధ్యధరా వాతావరణమే: చలికాలం వాన, ఎండాకాలం పొడి. కానీ ఇళ్ల ముందు పెంచింది పచ్చిక, అంటే ఏడాదంతా వానపడే దేశాల అలవాటు. 2012లో కరవు మొదలైంది. 2015 ఏప్రిల్‌లో గవర్నర్ జెర్రీ బ్రౌన్ పట్టణాల నీటి వాడకాన్ని 25 శాతం తగ్గించి తీరాలని ఆదేశించాడు. పచ్చిక ఎండిపోయింది, దాని స్థానంలో ఏం వేయాలన్న ప్రశ్న ప్రతి ఇంటికీ వచ్చింది. ఆ జవాబుల్లో సిస్టస్ ఒకటి. "పని తక్కువ" అన్న చీటీకి అసలు బలం ఇలాంటి చోట్లే వచ్చింది. లండన్‌లో కుండీలో దాచుకున్న మొక్క కాలిఫోర్నియా వాలు మీద తనంతట తాను బతికింది. రకరకాల ఊళ్లు తిరిగి చివరికి పుట్టింటి వాతావరణం దొరికినట్టయింది.

అయితే చరిత్ర నుంచి పెరటికి ఏం తెచ్చుకోవాలి? అలాంటి వాతావరణంలో ఉన్న ప్రేక్షకులు రాసుకోండి.

ఒకటి, పూర్తి ఎండ. నీడలో పూలు తగ్గుతాయి, కొమ్మలు సాగిపోతాయి. రెండు, నీళ్లు నిలవని నేల. వాలు అయితే మరీ మంచిది. బంకమట్టి అయితే గట్టు కట్టి దాని మీద నాటాలి. మూడు, ఎరువు వేయకండి. బలిసిన నేలలో మెత్తగా పెరిగి చలికి, గాలికి త్వరగా పోతుంది. నాలుగు, నాటేది శరదృతువులో, చలికాలపు వానకు వేళ్లు దిగుతాయి. చలి మరీ ఎక్కువైన చోట వసంతంలో నాటాలి. మొదటి ఎండాకాలం అప్పుడప్పుడు లోతుగా నీళ్లివ్వాలి, వేళ్లూనాక చాలావరకు మానేయొచ్చు. ఐదు, కత్తిరింపు. ఇందాక నిప్పు సంగతి చెప్పాను కదా. ముదురు కొయ్యలోకి కోస్తే మళ్లీ చిగురు రాదు. పూలయ్యాక లేత కొసలు మాత్రం తుంచాలి, అదీ మొక్క చిన్నప్పటినుంచే. ముసలి పొదను సరిచేయబోతే చంపుకున్నట్టే. ఆరు, పది పన్నెండేళ్లకు కొత్త మొక్క వేసుకోవడానికి సిద్ధంగా ఉండాలి. ఎండాకాలంలో లేత కొమ్మలు నాటితే వేళ్లు పోస్తాయి. ఏడు, జిగురు ఎక్కువున్న రకాలు బాగా మండుతాయి. అడవి మంటల ప్రాంతమైతే గోడ పక్కన హారా లాంటివి వద్దు.

పక్కపక్కన వేసేటప్పుడు హైబ్రిడస్‌కి మీటరు దూరం, డెకంబెన్స్‌కి కాస్త ఎక్కువ ఇవ్వండి. రెండు మూడేళ్లు మధ్యలో కలుపు తీయక తప్పదు. ఆకులు కలిసి నేల మూసుకున్నాక ఆ నీడలో కలుపు లేవదు.

మరి హైదరాబాద్, విజయవాడల సంగతేంటి అంటారా? అక్కడ దీని జోలికి వెళ్లొద్దు. వేడి భరిస్తుంది గానీ వేడీ తడీ కలిసొస్తే భరించలేదు. మన వానాకాలం వెచ్చటి వానాకాలం. ఆ తడికి వేళ్లు కుళ్లుతాయి. డబ్బు పెట్టి తెచ్చి, గొడుగు పట్టి సాకితే మళ్లీ స్వీట్ గారి లండన్ కథే అవుతుంది.

అసలు మనకు దీని అవసరమేముంది? తంగేడును చూడండి. రాతి నేల, బీడు నేల, ఎక్కడైనా ఉంటుంది. ఎవరూ నీళ్లు పోయరు. మేక మూతి పెట్టదు. ఎండాకాలం గడిచి వాన కురిసి, బతుకమ్మ నాటికి పచ్చగా పూసి నిలబడుతుంది. స్పెయిన్ కాపరికి హారా ఎలాగో, తెలంగాణ కాపరికి తంగేడు అలాగ. దాన్ని తీసుకెళ్లి ఇంగ్లండ్ చలిలో నాటితే అది కూడా ఎంతో సాకుడు కోరే మొక్కే అయిపోతుంది.

నర్సరీ చీటీ మీద "పని తక్కువ" అని కనిపించినప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి: ఎక్కడ పని తక్కువ? ఈ మొక్క పుట్టిన చోట వాన ఏ నెలలో పడుతుంది, మా ఇంటి దగ్గర ఏ నెలలో పడుతుంది? ఆ రెండు కలిస్తే నాటండి, మిగతాది అదే చూసుకుంటుంది. కలవకపోతే ఆ పని మీ నెత్తినే పడుతుంది.

మీ ఊళ్లో ఎవరూ నీళ్లు పోయకుండా పచ్చగా నిలబడే మొక్క ఏదో మాకు రాయండి. దాని చరిత్ర కూడా వెతుకుదాం. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, సెలవు.